ఊడ్చి పారేసిన అక్షరాలు: అన్నాపొలిస్‌లో ఒక అచ్చుకూటం, ఒక ఇల్లు

అగ్గిపుల్లలో సగం పొడవు, మందం మాత్రం దానికన్నా కాస్త ఎక్కువ, ఒక కొసన తిరగబడ్డ అక్షరం. సీసంతో పోతపోసిన అచ్చక్షరం అంటే ఇంతే. అక్షరాలు పేర్చే కంపోజిటర్ వేళ్ల సందునుంచి జారి కిందపడితే పెద్దగా చప్పుడు కూడా కాదు. గురువారానికి పత్రిక బయటికి వెళ్లాలి. ముందురోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఒక్క కామా కోసం వంగి వెతికేదెవరు? అది చెక్కనేల సందులోకి జారిపోతుంది. లేదా మర్నాడు చీపురుకు చిక్కి పెరట్లో పడుతుంది.

అమెరికాలోని మేరీల్యాండ్ రాజధాని అన్నాపొలిస్‌లో, ఛార్లెస్ స్ట్రీట్‌లో ఉన్న ఒక పాత ఇంటి ఆవరణలో 1980లలో పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి తీసినవి ఇలాంటి అక్షరాలే. పద్దెనిమిదో శతాబ్దంలో, ఆ ప్రాంతం ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, అక్కడ జోనస్ గ్రీన్ అనే ముద్రాపకుడి కుటుంబం ఉండేది. ఇల్లూ అచ్చుకూటమూ ఒకే స్థలంలో. మేరీల్యాండ్ గెజెట్ అనే వారపత్రిక అక్కడినుంచే వెలువడేది.

ఇక్కడే ఒక సందేహం రావాలి. మట్టిలో కలిసిపోయిన పల్లెనో, రాతపూర్వక ఆధారమే లేని కోటనో తవ్వడం అర్థమవుతుంది. అచ్చుకూటాన్ని తవ్వడం ఎందుకు? దాని పనే కాగితం మీద సాక్ష్యం వదలడం. గెజెట్ పాత సంచికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. జోనస్ గ్రీన్ 1765 తేదీతో అచ్చువేసిన మేరీల్యాండ్ చట్టాల బృహత్సంపుటం కూడా ఉంది. ఇంత చదవడానికి పెట్టుకుని పెంకులు ఏరుకోవడం దేనికి?

సమాధానం ఒక్క మాటలో చెప్పొచ్చు. అచ్చుకూటం ఊరందరి సంగతీ అచ్చువేస్తుంది, తన సంగతి తప్ప. ఎవరు కంపోజ్ చేశారు, ఎవరు కాగితం తడిపారు, ఎవరు మడిచారు, లెక్కలు ఎవరు చూశారు అన్నది పేజీ మీద ఉండదు. అడుగున ఒక్క యజమాని పేరు ఉంటుంది. ఆ ఒక్క పేరు వెనక ఉన్న మనుషుల జాడకోసమే ఈ తవ్వకం. అయితే మట్టి కూడా అడిగిన వెంటనే చెప్పేయదు. ఏ మేరకు చెబుతుంది, ఎక్కడ మనమే దాని నోట మాటలు పెడుతున్నాం అన్నదే అసలు చిక్కు.

ముందు కుటుంబం సంగతి. గ్రీన్‌లు అమెరికా వలసల్లో తరతరాల ముద్రాపకులు. జోనస్ 1712లో బోస్టన్‌లో పుట్టాడు. అతని ముత్తాత శామ్యూల్ గ్రీన్ మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అచ్చుకూటం నడిపాడు. 1663లో స్థానిక అమెరికన్ తెగ భాష అయిన మసాచుసెట్‌లో బైబిల్ అచ్చయింది అక్కడే. అమెరికా గడ్డమీద అచ్చయిన మొదటి బైబిల్ అది. ఆ పనిలో నిప్‌మక్ తెగకు చెందిన ఒక యువకుడు చేయి కలిపాడు. చరిత్రలో అతనికి మిగిలిన ఇంటిపేరే 'ప్రింటర్': జేమ్స్ ప్రింటర్. ఆ అచ్చుయంత్రాన్ని ఉంచింది హార్వర్డ్‌లో స్థానిక అమెరికన్ల చదువుకోసం కట్టిన ఇండియన్ కాలేజీ భవనంలో. దాన్ని 1698లో కూల్చేశారు. ఈ కాలంలో హార్వర్డ్ యార్డ్‌లో తవ్వినప్పుడు దాని పునాది గాడి కనబడింది, అచ్చక్షరాలూ దొరికాయి. ముత్తాత పోగొట్టుకున్నవి ఒక ఊళ్లో, మునిమనవడు పోగొట్టుకున్నవి ఇంకో ఊళ్లో. ఒకే వంశంవాళ్ల చేతుల్లోంచి జారినవి ఇలా రెండుచోట్ల మట్టిలో దొరకడం తవ్వకాల్లో తరచూ తటస్థించేది కాదు.

జోనస్ ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గరా ఆండ్రూ బ్రాడ్‌ఫోర్డ్ దగ్గరా పనిచేశాడు. 1738లో అక్కడే యాన్ కేథరిన్ హూఫ్‌ను పెళ్లాడాడు. ఆమె పుట్టింది హాలండ్‌లో. అన్నాపొలిస్‌కు మకాం మార్చాక వలస ప్రభుత్వపు ముద్రణ పని దొరికింది. 1745లో గెజెట్ మొదలైంది. ఊరి పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం కూడా అతనిదే. సరదా మనిషి. ఊళ్లో మంగళవారం క్లబ్బు అని ఒకటి ఉండేది. అందులో ఇతన్ని పద్యాలు కట్టేవాడు, అచ్చువేసేవాడు, శ్లేషలు పేల్చేవాడు, విందుకు పంచ్ అనే మద్యం కలిపేవాడు లాంటి అయిదు బిరుదులతో పిలిచేవాళ్లు. ఇంగ్లీషులో అయిదూ 'పి' అక్షరంతోనే మొదలవుతాయి. ఇంట్లో 14 మంది పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దయినవాళ్లు ఆరుగురు. అంటే పురుళ్లు, చావులు, ఉత్తరాల సంచులు, చట్టాల ప్రూఫులు, క్లబ్బు కబుర్లు, అన్నీ ఒకే ఆవరణలో.

ఇక తవ్వకంలోకి. నాటి అచ్చుకూటంలో ఏముంటాయో గుర్తు తెచ్చుకుంటే మట్టిలో ఏం మిగులుతుందో తెలుస్తుంది. అచ్చుయంత్రం చాలావరకు కొయ్య. పనికి రాకపోతే పొయ్యిలోకి పోతుంది, పనికొస్తే కొడుక్కి పోతుంది. సిరా పూసే ముద్దలు ఉన్ని కూరిన తోలువి. తోలు మెత్తగా ఉండటానికి రాత్రిపూట మూత్రంలో నానబెట్టేవాళ్లు. (ఆ వాసన ఇంటినిండా ఎలా ఉండేదో ఏ పెంకూ చెప్పదు కానీ ఊహించుకోవచ్చు.) తోలు కుళ్లిపోతుంది. సిరా అంటే మరగకాచిన అవిసె నూనెలో దీపపు మసి. కాగితం సరేసరి. మిగిలేది లోహం ఒక్కటే. అక్షరాలు సీసం, యాంటిమొనీ, తగరం కలిపి పోసినవి కాబట్టి తెల్లటి పొర కట్టి మట్టిలో అలాగే ఉంటాయి. ఇంతటి పరిశ్రమకు సాక్షి చివరికి ఈ చిన్న లోహపు ముక్క.

ఆ సాక్షితో మూడు ఇబ్బందులున్నాయి.

ఒకటి, అది దొరకడమే కష్టం. మామూలుగా తవ్విన మట్టిని పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల కంతలున్న జల్లెడలో పోస్తారు. పత్రికకు వాడే చిన్న సైజు అక్షరం నిలువుగా పడితే అందులోంచి హాయిగా జారిపోతుంది. మాటల మధ్య పెట్టే పలచటి సీసం ముక్కలయితే ఇంకా సులువుగా పోతాయి. కాబట్టి ఏ తవ్వకంలోనైనా దొరికిన అక్షరాల లెక్క అచ్చుకూటం ఎంత పెద్దదో చెప్పే ముందు జల్లెడ ఎంత సన్నమో చెబుతుంది. 'అక్షరాలు తక్కువ దొరికాయి కాబట్టి ఇక్కడ అచ్చు పని తక్కువ జరిగింది' అనే వాక్యం ఎక్కడ కనబడినా నేను వెంటనే జల్లెడ కొలత కోసం వెతుకుతాను.

రెండు, అది తన తేదీ చెప్పదు. పింగాణీ చెబుతుంది. క్రీమ్ రంగు మెరుగు పళ్లేలు 1760లకు ముందు మార్కెట్లో లేవు. ఆ పెంకు ఒక పొరలో ఉందంటే ఆ పొర అంతకన్నా పాతది కాదు. మట్టి పొగాకు గొట్టాలు కూడా చెబుతాయి. కాలం గడిచేకొద్దీ వాటి లోపలి రంధ్రం సన్నబడుతూ వచ్చిందని 1954లో హారింగ్‌టన్ అనే పురావస్తు శాస్త్రవేత్త చూపించాడు. ఒకచోట దొరికిన గొట్టపు ముక్కల రంధ్రాలు కొలిస్తే సుమారు కాలం తెలుస్తుంది. అక్షరం అలా కాదు. వలస ముద్రాపకులు టైపును ఇంగ్లండు నుంచి తెప్పించుకునేవాళ్లు. ఖరీదైన సరుకు కాబట్టి మొహం అరిగి అచ్చు మసకబారేదాకా ఏళ్ల తరబడి వాడేవాళ్లు. 1740లలో కొన్న అక్షరం 1770లలో కిందపడొచ్చు. అందుకే అచ్చుకూటం కాలాన్ని నిర్ణయించేది అక్షరం కాదు, దాని పక్కన పడివున్న భోజనం పళ్లెం. ఇల్లు లేని అచ్చుకూటాన్ని తవ్వివుంటే ఈ లెక్క ఇంకా కష్టమయ్యేది.

మూడు, అది ఒకచోట ఉండదు. కిందపడ్డది ఊడుస్తారు, ఊడ్చింది పెరట్లో పోస్తారు, ఆ మట్టితోనే తర్వాతి తరం ఏదో గుంట పూడుస్తుంది, ఆ పైతరం నీళ్ల గొట్టంకోసం మళ్లీ తవ్వుతుంది. విరిగిన, మొహం చితికిన అక్షరాలు పడేసే పెట్టెను ఇంగ్లీషు ముద్రాపకులు 'నరకం' అనేవాళ్లు. అందులోవి కరిగించి అమ్మేస్తారు. కాబట్టి పాపం చేసినవి పెట్టెలోకి వెళ్లి కరిగిపోయాయి, ఏ పాపం ఎరగనివి నేలమీద పడి మనకు మిగిలాయి. అక్షరాలు గుంపుగా దొరికినచోటే కంపోజిటర్ నిలబడ్డాడని తేల్చెయ్యడానికి లేదు. చెక్కనేల కింద చెదరని పొరలో దొరికితే ఆ మాట కొంత ధైర్యంగా అనొచ్చు. పెరట్లో దొరికితే చీపురు ఎటు తిరిగిందో తెలుస్తుంది, అంతే.

ఇంగ్లీషు కంపోజిటర్ ముందు ఉండే రెండు కేసుల్లో, అంటే అక్షరాల పెట్టెల్లో, కలిపి నూటయాభై గళ్లకు పైగా ఉండేవి. గుణింతాలూ వత్తులూ ఉన్న తెలుగు కేసుతో పోలిస్తే అది హాయిగానే ఉన్నట్టు. అయినా అచ్చయిన ప్రతి ఫారాన్నీ, అంటే చట్రంలో బిగించిన అక్షరాల్ని, విప్పి, కడిగి, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ దాని గదిలో వెయ్యాలి. పోగొట్టుకునే అవకాశం అచ్చువేసేటప్పటికన్నా ఈ తిరిగి వేసేటప్పుడే ఎక్కువని నా అనుమానం. చేతినిండా అక్షరాలు, చీకటి పడుతున్న వేళ, పనిలో కొత్తగా చేరిన కుర్రాడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఇలాంటి చోట్లు అన్నాపొలిస్ ఒక్కటే కాదు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో విలియం పార్క్స్ అచ్చుకూటపు స్థలంలో 1950లలోనే తవ్వి అక్షరాలు తీశారు. ఆ పార్క్స్ అంతకుముందు అన్నాపొలిస్‌లోనే ఉండి, మేరీల్యాండ్ గెజెట్ అన్న పేరుతో మొదటి పత్రికను నడిపినవాడు. మేరీల్యాండ్ పాత రాజధాని సెయింట్ మేరీస్ సిటీలో 1680లలో అచ్చు పని చేసిన విలియం నట్‌హెడ్ అక్షరాలు కూడా మట్టిలో దొరికాయి. ఈ నట్‌హెడ్ భార్య కథ దగ్గరే మన అసలు ప్రశ్న మొదలవుతుంది.

నట్‌హెడ్ 1695లో చనిపోయాడు. భార్య డైనా మరుసటి ఏడు, అప్పటికే రాజధాని అయిన అన్నాపొలిస్‌కు అచ్చుయంత్రాన్ని తరలించి, అచ్చువేయడానికి అనుమతి అడిగి, 100 పౌండ్లకు పూచీపత్రం రాసి తెచ్చుకుంది. ఆ పత్రం మీద సంతకం లేదు, ఒక గుర్తు మాత్రం ఉంది. ఆమెకు రాయడం రాదు. అక్షరం రాని మనిషి అచ్చుకూటం ఎలా నడిపింది? ఆమెకిచ్చిన అనుమతి ఖాళీ ఫారాలకు. బాండ్లు, బిల్లులు, కోర్టు కాగితాలు. వలస అచ్చుకూటాల పొయ్యి మండించింది పత్రికలకన్నా ఎక్కువగా ఈ చిల్లర పనే. ఫారాన్ని ఎవరూ బైండు చేయించి దాచరు కనుక గ్రంథాలయంలో ఆ పని కనబడదు.

డైనాది విచిత్రమైన ఉదంతం కాదు. 1738 చివర్లో సౌత్ కరొలైనాలోని ఛార్లెస్టన్‌లో ముద్రాపకుడు లూయిస్ టిమొథీ చనిపోతే పత్రిక బాధ్యత భార్య ఎలిజబెత్ తీసుకుంది. ఆ వ్యాపారంలో భాగస్వామి బెంజమిన్ ఫ్రాంక్లిన్. భర్త పంపిన లెక్కలకన్నా ఆమె లెక్కలు ఎంతో శుభ్రంగా ఉండేవని, హాలండ్‌లో ఆడపిల్లలకు లెక్కలు నేర్పడం చదువులో భాగమని, తన ఊళ్లోనూ అలా చేస్తే బాగుంటుందని ఆయన రాసుకున్నాడు. విలియమ్స్‌బర్గ్‌లో 1773లో క్లెమెంటినా రిండ్ కూడా ఇలాగే భర్త పోయాక పత్రిక చేపట్టింది.

జోనస్ గ్రీన్ 1767 ఏప్రిల్ 11న చనిపోయాడు. పత్రిక ఆగలేదు. అడుగున పేరు మారింది: యాన్ కేథరిన్ గ్రీన్. వలస ప్రభుత్వపు ముద్రణ పని కూడా ఆమెకే ఇచ్చారు. 1775 మార్చిలో చనిపోయేదాకా ఎనిమిదేళ్లు నడిపింది. కొన్నేళ్లు కొడుకు విలియం పేరు, అతను పోయాక ఫ్రెడరిక్ పేరు పక్కన కలిసింది.

వారపత్రిక ఎడతెగకుండా నడిచిందంటే కొత్త యజమానికి ఆ పని ముందే చేతనయి ఉండాలి. మరి అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా పత్రిక మీద ఆమె పేరు ఎందుకు లేదు? నాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం భర్త ఉన్న స్త్రీకి విడిగా వ్యాపారం లేదు, ఒప్పందం లేదు, ఆస్తి లేదు. ఏం చేసినా భర్త ఖాతాలోకే. భర్త పోతే ఆమె చట్టం కంటికి మనిషి అవుతుంది. కాబట్టి వైధవ్యంతో మొదలైంది పని కాదు, పేరు. కాగితాల్లో 1767లో కొత్త ముద్రాపకురాలు పుట్టినట్టు ఉంటుంది. పెరటిమట్టిలో ఆ ఏడు గీత గీసినట్టు ఏ మార్పూ కనబడాల్సిన పని లేదు. వంటింటి చెత్తా అచ్చుకూటం చెత్తా ముందునుంచీ ఒకే ఆవరణలోకి వెళ్లాయి. ఇల్లు వేరు, వ్యాపారం వేరు, అది ఆడవాళ్ల చోటు, ఇది మగవాళ్ల చోటు అనే విభజన మనం తర్వాతి శతాబ్దం నుంచి తెచ్చుకుని వీళ్లమీద రుద్దుతున్నాం. ఇక్కడ తవ్వకాలమీద పరిశోధన చేసిన బార్బరా లిటిల్ ప్రధానంగా పట్టుకున్నది ఈ దారాన్నే.

అలాగని మట్టి దీన్ని రుజువు చేసిందా? లేదు. ఒక కామాను ఆమె జారవిడిచిందా, కూలికొచ్చిన కంపోజిటర్ జారవిడిచాడా అన్నది ఏ జల్లెడా తేల్చదు. మట్టి చేసింది ఇంకోటి: అడ్డుగోడ ఉందన్న మన ఊహను నిరూపించాల్సిన భారాన్ని మనమీదకే నెట్టింది. నాకది చిన్న విషయంగా అనిపించదు.

ఆమె కాలంవాళ్లే ఆమెను రెండు రకాలుగా చూశారు. 1769లో ఛార్లెస్ విల్సన్ పీల్ ఆమె చిత్రం గీశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. నల్లని దుస్తుల్లో, చేతిలో అచ్చుకాగితం పట్టుకుని ఉంటుంది. దానిమీద అన్నాపొలిస్ అనీ ముద్రాపకురాలనీ అర్థమిచ్చే మాటలు చదవొచ్చు. చనిపోయినప్పుడు గెజెట్‌లో వేసిన వార్త మాత్రం ఆమె మెత్తని స్వభావాన్ని, భర్తమీద ప్రేమను, పిల్లలమీద మమకారాన్ని పొగిడి, ఆడవాళ్లందరికీ ఆదర్శమని చెప్పింది. ఎనిమిదేళ్లు నడిపిన పత్రికే ఆమెను అలా సాగనంపింది.

ఇదే తవ్వకాల చుట్టూ ఇంకో వాదం కూడా నడిచింది. అన్నాపొలిస్‌లో ఈ తవ్వకాల కార్యక్రమాన్ని 1981లో మొదలుపెట్టిన మార్క్ లియోన్ ఆలోచన ఇది: పద్దెనిమిదో శతాబ్దంలో జనం జీవితాన్ని ముక్కలుగా, గళ్లుగా, కొలతలుగా అమర్చుకోవడం నేర్చుకున్నారు. ఒక్కో మనిషికి ఒక్కో పళ్లెం, ఒక్కో వంటకానికి ఒక్కో సైజు గిన్నె, గోడమీద గడియారం, తోటలో జ్యామితి. కొత్తగా వస్తున్న కూలి, లాభం వ్యవస్థకు మనుషుల్ని అలవాటు చేసింది ఈ క్రమశిక్షణే అని ఆయన వాదన. పత్రిక పేజీ కూడా అందులో భాగమే: సమానమైన కాలమ్‌లు, ప్రతి వార్తకీ దాని చోటు. లిటిల్ పత్రిక పేజీలను కూడా పెంకుల్లాగే ఒక తవ్వకపు వస్తువుగా చదివింది. ఆకర్షణీయమైన ఆలోచనే. కానీ అచ్చుపని తెలిసినవాళ్లకు ఒక అనుమానం రాక తప్పదు. కాలమ్ సమానంగా ఉండటానికి మొదటి కారణం భావజాలం కాదు. ఇనుప చట్రంలో సీసపు అక్షరాలు బిగించాలంటే వరసలన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే ఫారం ఎత్తగానే అక్షరాలన్నీ కింద రాలిపోతాయి. చేతిపనిలోని ఈ నిర్బంధం నుంచే ఒక చూపు పుట్టి ఉండొచ్చు. అది ఒప్పుకుంటాను. పళ్లెంనుంచి పెట్టుబడిదారీ విధానందాకా నేరుగా గీసిన గీతను మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేను.

ఈ చర్చల్లో ఆలస్యంగా గదిలోకి వచ్చిన విషయం ఒకటుంది, బానిసత్వం. ఆనాటి వలస పత్రికల్లో బానిసల అమ్మకం ప్రకటనల కింద తరచూ 'ముద్రాపకుణ్ని అడగండి' అని ఉండేది. అమ్మేవాడు పేరు దాచుకుంటాడు, కొనేవాడు అచ్చుకూటం తలుపు తడతాడు. ఇల్లూ అచ్చుకూటమూ ఒక్కటైనచోట ఆ తలుపు ఇంటి తలుపే. పెరట్లో దొరికిన వాటిలో దేన్ని చూపించి 'ఇదిగో ఈ బేరం' అంటాం? బేరం మాటల్లో జరిగి మాటల్లో పోయింది. ఈ ఒక్క విషయంలో పెంకులకన్నా కాగితమే గట్టి సాక్షి.

ఆ కాగితాలు రెండు పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. 1765 అక్టోబరు 10 సంచికలో జోనస్, బ్రిటన్ తెచ్చిన స్టాంపు చట్టం నవంబరు నుంచి ప్రతి కాగితం మీదా పన్ను వేయబోతోందని, గెజెట్ కొనప్రాణంతో ఉందని, మళ్లీ లేస్తుందన్న ఆశ అంతంతమాత్రమేనని అచ్చువేశాడు. డిసెంబరులో చనిపోయిన పత్రిక తాలూకు దయ్యం అంటూ ఒక సంచిక తెచ్చాడు. స్వేచ్ఛ గురించి ఇంత హాస్యంగా, ఇంత మొండిగా మాట్లాడిన ముద్రాపకుడు ఇతను. రెండేళ్లు తిరక్కముందే, 1767 అక్టోబరు 1న, యాన్ కేథరిన్ పేరుతో వెలువడిన సంచికలో లార్డ్ లిగోనియర్ అనే ఓడ గాంబియా నదినుంచి అన్నాపొలిస్ రేవుకు చేరిందని, ఆరోగ్యంగా ఉన్న మేలైన బానిసలను అమ్మకానికి తెచ్చిందని ప్రకటన వచ్చింది.

టైపు ఖరీదు, దాన్ని ఎన్నేళ్లు వాడేవాళ్లో తలుచుకుంటే రెండు పేజీలకీ చాలావరకు అవే అక్షరాలు వాడి ఉంటారు. మొదటిది అచ్చయ్యాక విప్పారు, కడిగారు, ఒక్కోటీ దాని గదిలోకి తిరిగి చేరింది. రెండోదానికి మళ్లీ ఏరారు. ఆ వరసలో ఎక్కడో ఒకటి జారి కిందపడి ఉంటుంది.